అసలుతో సరిచూశాను

నేను లింగంపల్లి స్టేషన్‌లో దిగేసరికి గడియారం రెండూ అయిదు చూపిస్తోంది. ప్లాట్‌ఫాం మీద నా కోసం నిలబడిన బుచ్చమ్మ దండం పెట్టలేదు, ఏడవలేదు. నేరుగా బండి టైము చెప్పింది.

"నాలుగు మీద పది నిమిషాలకు తాండూరు బండి వస్తదట సారూ. దాంట్ల మా ఆయనను పట్నం జేలుకు తోల్కపోతరట. గా లోపల ఏమన్న చేయి."

ఆమె మొగుడు రాజయ్య మేస్త్రీ మా ఇంటి గోడలు కట్టిన మనిషి. పదిహేనేళ్ల వానలకు ఆ గోడల్లోకి ఒక్క చుక్క దిగలేదు. అలాంటివాడు కట్టిన కమాను పొద్దున తొమ్మిదిన్నరకు కూలిందని, దాని కింద పడి ఇంజనీరు వీరేశం చచ్చిపోయాడని, కూలగొట్టింది రాజయ్యేనని స్టేషన్ ఫోనులో కబురు వచ్చింది. అది వినేసరికి నా చేతిలో చాయ్ చేతిలోనే చల్లారిపోయింది. 

చచ్చిపోయింది మామూలు ఇంజనీరు కాదు. ఆ ఏడు, అంటే 1949లో, సర్కారు కొత్త శాసనం తెచ్చింది. ఇంజనీర్లకూ ఆర్కిటెక్టులకూ కలిపి ఒక సంఘం పెట్టింది. సంఘం జాబితాలో పేరు లేనివాడు ఇక మీద ఏ నక్షా మీదా సంతకం పెట్టకూడదు, సొంతంగా ఏ కట్టడమూ కట్టించకూడదు. చదివినవాళ్లు సనదు, అంటే పరీక్ష ప్యాసైనట్టు సర్కారిచ్చిన పట్టా, చూపించాలి. చదువులేని పాత మేస్త్రీలు పదేళ్ల పని రుజువు చేసుకుంటే వాళ్లనూ చేర్చుకుంటారు. ఎవరు గింజో ఎవరు పొట్టో చెరిగే కమిటీకి కార్యదర్శి వీరేశం. ఆ రోజు పదకొండింటికి కమిటీ రాజయ్య కమాను చూడాలి, సాయంత్రం అయిదింటికి జాబితాకు సీలు వేస్తారు. రాజయ్య అర్జీ నెల రోజులుగా వీరేశం బల్ల మీదే నానుతోంది.

ఆ శాసనం రావలసిందే అన్నవాళ్లలో నేనొకణ్ని. సంఘం ఆఫీసులో రెండు నెలలు పని కూడా చేశాను. డిటెక్టివు పని రోజూ దొరికేది కాదు. అందుకని అర్జీలతో వచ్చే నకళ్లను అసలు కాగితాలతో సరిచూసే పని ఒప్పుకున్నాను. అంతకు ముందు ఇరవై ఏళ్లు రెవెన్యూ దఫ్తర్‌లో నకళ్లు రాసినవాణ్ని. కాగితం మీద తప్పు ఈ లింగమూర్తి కన్ను దాటిపోదని ఆ రోజు మధ్యాహ్నం మూడింటి దాకా గట్టిగా నమ్మేవాణ్ని.

స్టేషన్ నుంచి రెండు వందల అడుగులు నడిస్తే కొత్తగా కడుతున్న బడి. ముందు వాకిలికి ఉండాల్సిన రాతి కమాను ఇప్పుడు ఛాతీ ఎత్తు రాళ్లకుప్ప. శవాన్ని అప్పటికే తీసేశారు. పక్కన రేకుల నీడలో చేతులకు బేడీలతో రాజయ్య గొంతుక్కూర్చున్నాడు. అతని ఎదురుగా మడత కుర్చీలో ఇన్‌స్పెక్టర్ తాతారావు.

తాతారావుది కాకినాడ. పోలీసు చర్య తరువాత ఇక్కడికి పంపిన అధికారుల్లో ఒకడు. చేతులు శుభ్రమైన మనిషే, నోరే గొడ్డుకారం. అంతకు ముందు రెండు కేసుల్లో మా ఇద్దరికీ చెడింది.

"రండి లింగమూర్తిగారూ. మీరొస్తారని తెలిసి టీ రెండు కప్పులు చెప్పానండి. మీది తాగేసి తిరుగు బండికి వెళ్లిపోదురుగాని. ఇక్కడ పనేం మిగల్లేదు."

"చాయ్ కోసమైతే ఇంతదూరం ఎందుకొస్త సార్? పట్నంల దొరకదా?"

"సరే, వినండి మరి. శవం పక్కన సుత్తె దొరికింది. దాని పిడి మీద ఈ మేస్త్రీ గుర్తు ఉంది. నాలుగు రోజుల క్రితం కూలీలందరి ముందు ఇద్దరూ మాటా మాటా అనుకున్నారు. మేస్త్రీ అర్జీ వీరేశంగారు తోసేయబోతున్నారని ఊరందరికీ తెలుసు. ఇక ఇవాళ తొమ్మిదిన్నరకు ఎక్కడున్నావయ్యా అంటే నోరు విప్పడు. ఇంకేం కావాలండి?"

"ఆయన నోరు విప్పితె చాలు," అని నేను రాజయ్య పక్కన రాయి మీద కూర్చున్నాను.

"మేస్త్రీ, పొద్దుగాల తొమ్మిదిన్నరకు యాడున్నవు?"

"చెరువుకాడ."

"ఎవరన్న చూసిండ్రా?"

"ఎవలు చూడొద్దనే పోయిన."

తాతారావు నవ్వు దాచుకోలేదు. "ఏం చేసినవు ఆడ?" అని నేను అడిగితే రాజయ్య తల దించుకున్నాడు. బుచ్చమ్మ వైపు ఒకసారి చూసి మళ్లీ నేలచూపులే. అరవై ఏళ్ల మనిషి, పెళ్లాం ముందు చెప్పలేని పని చెరువు గట్టున ఏం చేసి ఉంటాడు? నాకు కోపమొచ్చింది. బండికి గంటా ముప్పావు లేదు, ఈయనగారికి సిగ్గు అడ్డమొచ్చింది.

అప్పుడు అతని వేళ్లు చూశాను. సున్నం తిన్న చేతులు మేస్త్రీలందరికీ ఉంటాయి. కానీ కుడిచేతి రెండు వేళ్ల మధ్య సన్నటి బూడిద రంగు గీత ఉంది. నా చిన్నప్పుడు నా వేళ్లకూ అదే ఉండేది. నేను అడక్కుండానే అతని భుజం సంచీలో చెయ్యి పెట్టాను. రాజయ్య గుంజుకోబోయాడు గాని బేడీలు సాగనివ్వలేదు. సంచీలోంచి పలక బయటికొచ్చింది. పలక నిండా ఒకే పేరు. రాజయ్య, రాజయ్య, రాజయ్య. పై వరుసలో జ బోర్లా పడి ఉంది, కింది వరుసకు వచ్చేసరికి లేచి నిలబడింది.

"వేలిముద్ర చెల్లదట సారూ," అన్నాడు, ఎవరి వైపూ చూడకుండా. "కొత్త కానూన్ల దస్తఖత్ కావాలెనట. గీ వయసుల బలపం వట్టిండు అంటె నవ్వరా? అమాస గద, పని లేదు. పోయి చెట్టుచాటుకు కూసున్న."

బుచ్చమ్మ పలక తీసుకుని కొంగుతో అంచు తుడిచింది. చదవడం ఆమెకూ రాదు. మాకు మాత్రం ఆ పలక తిరిగి ఇవ్వలేదు.

"పలక సాక్ష్యం కాదండి," అన్నాడు తాతారావు. గొంతులో కారం కొంచెం తగ్గింది, అంతే.

"కాదు. కని అమాస సాక్ష్యమే," అన్నాను. "మేస్త్రీ, అమాసనాడు సుత్తె ముడుతవా?"

"మా అయ్య ముట్టలే, నేను ముట్టలే. నిన్న పొద్దుమీకినే పనిముట్లన్ని కడిగి గా కొట్టంల పెట్టినం. తాళం లేదు దానికి."

"వీరేశంతోని కొట్లాట ఏంది?"

"కొట్లాట కాదు సారూ. కమాను కింద చెక్కల అచ్చు పెడతం గద, దాన్ని ఎప్పుడు తియ్యాలె అన్న మాట. ఆయన ఏడొద్దులకు తీయమన్నడు. సున్నం ఆరకుంటె ఎట్ల తీస్తం, ఇర్వై ఒక్క దినం ఆగాలె అన్న. కూలోళ్లు కిసుక్కున నవ్విండ్రు. ఆయన మొఖం నల్లగైంది. ఇంజనీరుకు గంత చిన్న ముచ్చట తెల్వకపోవుడేంది అని నాకే పరేషాన్ అయింది."

ఆ మాట నా చెవిలో మేకులా దిగింది.  టైము రెండూ నలభై.

రైల్వే గేటు బడికి యాభై అడుగులు. గేటు కాసే పోచయ్యను పిలిపించాను. పొట్టి మనిషి, మాట మాత్రం తూకం వేసినట్టు ఉంటుంది.

"తొమ్మిది ఇర్వైకి పాసింజరు పోయింది. గేటు తీసిన. బీడీ ముట్టిచ్చిన. గప్పుడు చప్పుడైంది."

"ఎన్ని దెబ్బలు?"

"ఎనిమిదో తొమ్మిదో. ఒకదాని మీద ఒకటి, ఆగకుంట. పిచ్చోడు డప్పు కొట్టినట్టు. ఎంబడే కమాను కూలింది. దుమ్ము లేచింది. నేను ఉరికొచ్చిన."

"ఎవరన్న పారిపోయిండ్రా?"

"పురుగు గూడ లేదు సార్. గీ దిక్కు నేను, గా దిక్కు పట్టాలు. పారిపోతె కానరాడా?"

నేను రాజయ్య వైపు తిరిగాను. "మేస్త్రీ, నువ్వు అచ్చు తీస్తె ఎట్ల కొడతవు?"

"ఒక్క దెబ్బ కొట్టి చెవి పెడత. కమాను మాట్లాడుతది సారూ. సున్నం ఆరిందో లేదో, రాయి కూసుందో లేదో చెప్తది. గప్పుడు అవుతలి దిక్కు పోయి ఇంకొక్కటి. ఒక్క కమాను దించనీకి పూట పడతది. వరుసబెట్టి కొట్టినోడు గీ పనిల పుట్టినోడు కాదు."

"వింటున్నరా సార్?" అన్నాను.

"వింటున్నానండి. గబగబా చంపాలనుకున్నవాడు చెవులు పెట్టి కూర్చోడు. గబగబా కొడతాడు. అందులో వింతేముంది?"

మాట కొట్టిపారేయలేనిదే. నేను లేచి రాళ్లకుప్ప దగ్గరికి వెళ్లాను. తాతారావు వెంటే వచ్చాడు. కమాను కింద అచ్చును మోసిన గుంజలు రెండు వరుసల్లో ఉండేవి. ఒక్కో గుంజ అడుగున కొస సన్నగా చెక్కిన చెక్కముక్క బిగించి ఉంటుంది. రాళ్లలోంచి అలాంటి చెక్కలు నాలుగు దొరికాయి. ఒక గుంజ విరిగి రోడ్డు వైపు పడి ఉంది.

"మేస్త్రీ," అని కేకేశాను. "గీ చెక్క లావు కొస ఎటు పెడతరు?"

"లోపటికి. సన్న కొస బయటికి. తీసేనాడు కమాను బయట నిలవడి సన్న కొస మీద కొడితె చెక్క లోపటికి ఊడుతది. కొట్టెటోడు బయటనే ఉంటడు, బతుకుతడు."

చెక్కను తాతారావు చేతిలో పెట్టాను. "దెబ్బలు యాడున్నయో చూడుండ్రి."

అతను తిప్పి చూశాడు. రెండోది తీసి చూశాడు. మూడోది నేనే అందించాను. సన్న కొసలు చెక్కుచెదరకుండా ఉన్నాయి. సుత్తె దెబ్బలన్నీ లావు కొసల మీదే.

"లావు కొస మీద కొడితే..." అన్నాడు తాతారావు, మాట సగంలో ఆగింది.

"ఇంక బిగుస్తది. కొట్టినోడు అది ఊడుతలేదని ఏం చేసిండో గా గుంజను చూస్తె తెలుస్తది."

విరిగిన గుంజ అడుగున, లోపలి వైపున, మూడు లోతైన దెబ్బలున్నాయి. బయటివైపు గీత కూడా లేదు.

"కమాను కింద నిలబడి, తను నిలబడ్డ చోటు మీదికే పడేటట్టు గుంజను బయటికి కొట్టిండు సార్. అట్ల కొట్టినోడు ఎవడైనా రాళ్ల కిందనే ఉంటడు. రాళ్ల కింద మీకు ఎంతమంది దొరికిండ్రు?"

 తాతారావు చెక్కను కింద పెట్టి, చేతులు దులుపుకుని, మళ్లీ ఎత్తి చూశాడు. అతని నుదుటి మీద చెమట నాకు సంతోషంగానే ఉంది, ఎందుకు దాచాలి.

"ఒక్కడే," అన్నాడు చివరికి. "అంటే వీరేశంగారే కొట్టుకున్నారంటారు. ఎందుకండి?"

"పదకొండింటికి కమిటీవాళ్లు బడి చూడనీకి రావాలె. అప్పటికి కమాను కూలి ఉంటె? చదువులేని మేస్త్రీ కట్టింది గిట్లనే ఉంటది అని రాసి రాజయ్య అర్జీ కొట్టేయొచ్చు. నలుగురి ముంగట నవ్వులపాలు చేసిన మేస్త్రీ పీడ పోతది. సుత్తె మేస్త్రీదే తీసుకున్నడు. అది శవం పక్కన పడిందని మీరన్నది నిజమే, చేతిలోంచి జారి పడ్డది."

తాతారావు రెండడుగులు నడిచి ఆగాడు. "కుదరదండి. పరీక్ష ప్యాసైన ఇంజనీరు చెక్కకు ఏ కొస మీద కొట్టాలో తెలియకుండా ఉంటాడా? తన మీదికే కూల్చుకుంటాడా? ఏ మేజిస్ట్రేటూ నమ్మడు. నేనూ నమ్మను."

"ఇంజనీరు అయితె నమ్మొద్దు," అన్నాను. "ఆయన ఫైలు ఉన్నదా మీ దగ్గర?"

ఉంది. శవం పక్కన దొరికిన తోలు సంచీలో రాజయ్య అర్జీ కూడా ఉంది, దాని మీద ఎర్ర సిరాతో 'తిరస్కరించడమైనది' అని ముందే రాసి ఉంది. దాని కింద వీరేశం సొంత కాగితాలు. సనదు నకలు తీసి నీడలోకి తెచ్చాను. టైము మూడూ అయిదు.

హైదరాబాదు సర్కారు దఫ్తర్ ఇచ్చినట్టు రాసిన సనదు. పరీక్ష ప్యాసు, పేరు, ముద్ర ఉన్నచోట ముద్ర అని రాత. అన్నీ పద్ధతిగానే ఉన్నాయి. చివర తేదీ దగ్గరికి వచ్చేసరికి నా చూపు ఆగిపోయింది. 1936 ఆగస్టు 17, పక్కనే సర్కారు శిస్తు లెక్కల ఏడు, ఫసలీ 1346. 

"తాతారావుగారూ, మీ కాకినాడల ఫసలీ ఎప్పుడు మారుతది?"

"ఇప్పుడిదేం ప్రశ్నండి? జులై ఒకటిన. మా నాన్నగారు కరణం, నాకు తెలీకేం."

"1936 ఆగస్టు ఏ ఫసలీ మరి?"

అతను వేళ్ల మీద లెక్కపెట్టాడు. "పదమూడు వందల నలభై ఆరు. సరిగ్గానే ఉంది కదండీ."

"కాకినాడల సరిగ్గనే ఉన్నది. ఈడ కాదు. నిజాం సర్కారుల ఫసలీ మారేది ఆజూర్ నెలల. ఆజూర్ వచ్చేది అక్టోబరుల. ఆగస్టు అంటె మాకు ఇంక పాత ఏడే, 1345. ఇక్కడి దఫ్తర్‌ల చప్రాసీని నిద్రల లేపి అడిగినా 1345 అంటడు. గీ సనదు రాసినోడు మీ దిక్కు లెక్క పెట్టినోడు. ఇది ఈడ పుట్టిన కాగితం కాదు. చచ్చినోడు ఇంజనీరు కాదు."

ఇన్‌స్పెక్టరు ముఖంలో రంగు పోవడం నేను కళ్లారా చూశాను.  "అంటే పట్నంలో ఇంజనీర్లను జల్లెడ పడుతున్నవాడే..." అని మింగేశాడు.

"మాట మనదే గని యాస మనది కాదని నాకు మొదటినుంచి ఉన్నది," అన్నాడు రాజయ్య నెమ్మదిగా. "పెద్దోళ్లు గద, అడుగుతమా?"

నేను గెలిచాను. ఆ క్షణంలో అదొక్కటే తెలుసు నాకు. ఇరవై ఏళ్ల కళ్లు ఊరికే పోలేదని ఛాతీ పొంగింది. బండికి ఇంకా గంట ఉంది.

తాతారావు నకలు నా చేతిలోంచి తీసుకున్నాడు. "ఇది నకలు కదండీ. అసలుతో ఎవరో సరిచూసి ఉండాలే," అంటూ వెనక్కి తిప్పాడు. చదివాడు. మళ్లీ చదివాడు. కాగితం నాకే తిరిగి ఇచ్చి, "చదవండి," అన్నాడు.

'అసలుతో సరిచూశాను. సరిగా ఉన్నది. లింగమూర్తి.'

నా చేతిరాత. చివరి అక్షరం తోక కిందికి చుట్టుకునే నా వంకర. నా ముద్ర.

  చెక్కలు, గుంజలు, దెబ్బలు చూపించి మూడు గంటలకు మొనగాణ్నయిన నేను, మూడు నెలల కిందట ఇదే కాగితం చేతిలో పెట్టుకుని, ఇదే తేదీ మీదుగా కళ్లు నడిపించి, సరిగా ఉందని సంతకం పెట్టాను. ఆ రోజుల్లో కట్టలు కట్టలుగా వచ్చేవి. చప్రాసీ తెచ్చి పెట్టేవాడు, నేను పేర్లు సరిచూసి కొట్టేసేవాణ్ని. మనిషి మొహం కూడా చూడలేదు. నా సంతకంతో దొంగ ఇంజనీరయ్యాడు, ఇంజనీరయ్యి కార్యదర్శి అయ్యాడు, ఆ అధికారంతో ఇవాళ ఒక మేస్త్రీని ఉరికొయ్య దాకా తెచ్చాడు.

"మీదేనా అండి?"

"నాదే."

"కాకినాడవాడు రాసిన తప్పు, ఒప్పుకుంటాను. సరిగా ఉందన్నది మాత్రం కాకినాడవాడు కాదు కదండీ." దెబ్బ కొట్టాలని అన్న మాట కాదది. అతనూ అదిరిపోయే ఉన్నాడు. గొంతు తగ్గించాడు. "ఆ శాసనంలోనే ఒక సెక్షనుంది. తప్పుడు నకలు ధ్రువీకరించినవాడికి జైలు. ఈ కాగితం నేను కేసులో పెడితే మొదట లోపలికి పోయేది మీరు. పెట్టకపోతే చచ్చినవాడు ఇంజనీరే. ఇంజనీరు తన మీదికి కమాను కూల్చుకోడు. నాలుగూ పదికి మేస్త్రీ పోతాడు. నేను అధికారిని, నేనేం చెప్పకూడదు. మీరే చెప్పండి."

అబద్ధం ఎందుకు, జేబులో అగ్గిపెట్టె గుర్తొచ్చింది. పలచటి కాగితం, నిమిషంలో పోతుంది. నా పేరూ నా ఇరవై ఏళ్లూ నా దగ్గరే ఉంటాయి. తల తిప్పితే రాజయ్య కనిపించాడు. మేమేం మాట్లాడుకుంటున్నామో అతనికి సగం అర్థం కాలేదు. బేడీల చేతులతోనే, దుమ్ములో వేలితో ఏదో రాసుకుంటున్నాడు. జ దగ్గర ఆగి, చెరిపి, మళ్లీ రాశాడు.

"కాగితం, కలం ఇయ్యుండ్రి," అన్నాను.

వాంగ్మూలం రాయడానికి ఇరవై నిమిషాలు పట్టింది. ఫలానా నకలును ఫలానా రోజు తేదీ చూడకుండా సరిగా ఉన్నదని రాసింది నేనేనని, అది సరిగా లేదని. సంతకం పెట్టే ముందు మొత్తం రెండుసార్లు చదివాను. చాలా ఏళ్ల తరువాత, సంతకం పెట్టే ముందు చదవడం అదే. 

మూడూ నలభైకి తాతారావు బేడీలు విప్పాడు. విడిచిపెట్టినట్టు కాగితం రాసి, అలవాటు చొప్పున వేలిముద్రకు సిరా దిండు ముందుకు తోశాడు. రాజయ్య చెయ్యి వెనక్కి తీసుకున్నాడు.

"దస్తఖత్ పెడత సార్."

ఎవరూ నవ్వలేదు. మూడక్షరాలకు మూడు నిమిషాలు పట్టింది. నుదురు చెమటలు కక్కింది, నాలుక పళ్ల మధ్య ఇరుక్కుంది. రాయడం అయ్యాక బుచ్చమ్మ దగ్గర పలక అడిగి తీసుకుని కాగితం పక్కన పెట్టాడు. పలక మీది రా, కాగితం మీది రా. పలక మీది జ, కాగితం మీది జ. ఒక్కొక్కటే వేలు పెట్టి చూశాడు.

"జర చూడు సారూ, సరిగ్గ ఉన్నదా?"

నేను చూశాను. అక్షరం అక్షరం చూశాను. ఉందని చెప్పాను. 

తాతారావు నా వాంగ్మూలాన్ని ఫైల్లో పెట్టుకుంటూ హఠాత్తుగా ఆగాడు. "లింగమూర్తిగారూ, ఇదే ఫసలీ ఉన్న సనదులు ఇంకేమైనా మీ చేతి మీదుగా పోయాయా?"

అప్పటిదాకా ఆ ప్రశ్న నాకే తట్టలేదు. కళ్లు మూసుకున్నాను. కట్టలన్నీ ఒకేలా ఉంటాయి, ఒక్కటి తప్ప. పచ్చదారంతో కట్టిన చిన్న కట్ట, ఆరు సనదులు, అన్నీ ఒకే చేతిరాత, అన్నీ ఒకే తేదీ. ఆ కట్ట ఎందుకు గుర్తుందంటే, అందులో ఒక పేరు చూసి మురిసిపోయాను. మొగిలి. మా ఊళ్లలో పొలం దున్నేవాళ్ల పేరు, ఇంజనీరు సనదు మీద. మనోళ్లు గూడ ఎదిగిండ్రు అనుకుని, ఆ మురిపెంలోనే ఆరింటికీ ఆరు సంతకాలు పెట్టేశాను.

"ఆరు," అన్నాను. "ఒక్క పేరే యాదికున్నది. మొగిలి."

తాతారావు కుర్చీ వీపు పట్టుకున్నాడు. "ఇంజనీరు మొగిలిగారా? ఈ కమాను మీద రిపోర్టు రాయమని పొద్దున ఆయనకు టెలిగ్రాం ఇచ్చింది నేనేనండి. వస్తున్నానని జవాబు కూడా వచ్చింది."

"యాడినుంచి?"

"శంకరపల్లి ఇవతల, వాగు దగ్గర్నుంచి. అక్కడ రైలు వంతెన కింద పాత కమాను ఒకటి కొత్తగా కట్టించారు. మధ్యాహ్నం దానికి అచ్చు తీయించేసి, శంకరపల్లిలో తాండూరు బండెక్కి వస్తానన్నారు."

రాజయ్య లేచి నిలబడ్డాడు. అంతదాకా అతని గొంతు అంత గట్టిగా వినలేదు నేను.

"గా కమానుకు సున్నం పెట్టి ఎన్నొద్దులాయె సార్?"

"తొమ్మిది రోజులు," అన్నాడు తాతారావు. అంటూనే పరుగెత్తాడు.

మేమందరం పరుగెత్తాం. స్టేషన్ మాస్టరు ఫోను పట్టుకుని అరిచాడు, విన్నాడు, మళ్లీ అరిచాడు. ఫోను కింద పెట్టి మా వైపు తిరిగాడు. బండి శంకరపల్లి వదిలి పది నిమిషాలైందట. వాగు దాటాలంటే అయిదు నిమిషాలు చాలునట. దాటితే ఇవతల గేటువాడు కబురు చెప్పాలి. అతను ఇంకా చెప్పలేదట.

గడియారం నాలుగూ అయిదు చూపించింది. నాలుగూ పది చూపించింది. గంట మోగలేదు. పోచయ్య గేటు మూయాలో వద్దో తెలియక గొలుసు పట్టుకుని మా వైపే చూస్తున్నాడు. ప్లాట్‌ఫాం మీద జనం మూటలు ఎత్తుకుని వరుసగా నిలబడ్డారు. వాళ్లకు ఎవరూ ఏమీ చెప్పలేదు.

రాజయ్య ప్లాట్‌ఫాం దిగి పట్టాల మధ్యకు వెళ్లాడు. రుమాలు తీసి భుజాన వేసుకుని, మోకాళ్ల మీద కూర్చుని, పట్టాకు చెవి ఆనించాడు. చాలాసేపు అలాగే ఉన్నాడు. తరువాత అవతలి పట్టాకు చెవి పెట్టాడు. నేను అతని ముఖమే చూస్తున్నాను.

లేచి నా దగ్గరికి వచ్చాడు.

"ఏం చప్పుడు లేదు సారూ," అన్నాడు.